ఆరని గోడ

"ఒక్క మాట చెప్పమ్మా. వాడు తోశాడు అను, చాలు. మిగతాది వకీలుగారు చూసుకుంటారు."

పొద్దుటి నుంచి నాన్న ఈ మాట అనడం ఇది ఎన్నోసారో. సోఫా అంచున కూర్చున్న పొట్టికి అది చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పేరుకే పొట్టి. పద్దెనిమిది దాటిన పిల్ల, లేచి నిలబడితే నాన్న కంటే బెత్తెడు ఎత్తు. చిన్నప్పుడు బావ పెట్టిన పేరు, ఎదిగినా ఊడలేదు.

ఆ పేరు పెట్టిన ఆరడుగుల బావే ఇప్పుడు ఎదురుగా దోషిలా నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకున్నాడు గానీ గోడకి మాత్రం ఆనలేదు. ఈ ఇంట్లో ఎవరూ గోడకి ఆనరు. రంగుల ఫ్యాక్టరీ వాళ్ళ ఇల్లు మరి. బజారులోకి రాబోయే కొత్త రంగు ఏటా ముందు ఈ గోడల మీదే ఎక్కి కూర్చుంటుంది. లోకంలో గోడలకి చెవులే ఉంటాయి, ఈ ఇంటి గోడలకి ఏడాదికో కొత్త చొక్కా కూడా ఉంటుంది. ఎక్కడ తడి ఉందో ఎవరికెరుక. అందుకని నడక వచ్చినప్పటి నుంచే ఇక్కడి పిల్లలు నిటారుగా నిలబడటం నేర్చుకుంటారు.

"గుర్తు లేదంటోందిగా అది," అంది అత్తయ్య. బావ తల్లి ఆవిడ, నాన్నకి అక్క. "గుర్తు లేని పిల్ల చేత ఏం చెప్పిస్తావు తమ్ముడూ?"

"గుర్తు లేకపోతే జరగనట్టా అక్కా? నేను ఇంటికి వచ్చేసరికి ఇది మెట్ల కింద పడి ఉంది. తల పగిలింది. పక్కన నీ కొడుకు. చొక్కా నిండా రక్తం. ఏమైందిరా అంటే నోరు విప్పడు. మూడు వారాలైంది, ఇవాళ్టికీ విప్పలేదు. తప్పు చెయ్యనివాడికి దాచాల్సిన పనేంటి?"

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. "అడుగుతున్నాడుగా. చెప్పరా."

"నేను తొయ్యలేదమ్మా."

"మరి ఎలా పడింది?"

బావ నేల చూశాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అతను. సినిమా చూసొస్తే ఆఖరి సీను ముందే చెప్పేసి అందరి చేతా తిట్లు తినేవాడు. అలాంటి నోటికి ఇప్పుడు తాళం పడింది. ఆ తాళమే అతన్ని ముంచుతోందని హాల్లో ఉన్న అందరికీ తెలుస్తోంది, అతనికి తప్ప.

"చూశారా," అన్నాడు నాన్న వకీలుతో.

వకీలు పెద్దవాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడే అలవాటు. "అమ్మాయి మాట ఉంటే ఫిర్యాదు నిలబడుతుందండీ. లేకపోతే గాలిలో దీపమే."

"నిలబడితే ఏమవుతుంది?" అంది అత్తయ్య.

"కేసు నడుస్తుందమ్మా. అబ్బాయి కొన్నాళ్ళు లోపల ఉండాల్సి రావచ్చు. ఆ తర్వాత ఉద్యోగం అదీ అంటే, ఎవరిస్తారు చెప్పండి."

అత్తయ్య పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ లేచి ఆవిడ పక్కకి వెళ్ళబోయి, నాన్న మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

పొట్టి కళ్ళు మూసుకుంది. వెతికింది. కాలేజీలో ఆఖరి పరీక్ష రాసి బయటికి రావడం గుర్తుంది, వేళ్ళకి అంటిన సిరా గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి గది కప్పు. మధ్యలో రెండు నెలలు తుడిచిపెట్టుకుపోయాయి. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు డాక్టరు, ఆయన సొమ్మేం పోయింది.

అసలు బాధ అది కాదు. ఆ ఖాళీలోకి తలా ఒకరు ఏదో ఒకటి పోస్తున్నారు. నీలం చెప్పులు కొనుక్కున్నాం కదే అని అమ్మ అంటే నీలం చెప్పులు కనిపిస్తాయి. అది తనకి గుర్తొచ్చిందా, అమ్మ చెబితే వచ్చిందా? కుండలో ఊరిన నీళ్ళేవో, బయటి నుంచి పోసిన నీళ్ళేవో తెలియడం లేదు. నాన్న చెప్పగా చెప్పగా ఈ మధ్య బావ చేతులు కూడా కనిపిస్తున్నాయి. తన భుజాల మీద. తోస్తున్నట్టే ఉన్నాయి. నిజంగా తోశాడేమో. తొయ్యకపోతే తన ఒక్క మాటతో ఒక మనిషి జైలుకి పోతాడు.

"మొహం కడుక్కుని వస్తాను నాన్నా."

"వకీలుగారు టీ తాగేలోపు రావాలి," అన్నాడు నాన్న.

* * *

మెట్ల దగ్గర ఆగింది. ఇక్కడే అంటారు అందరూ. కింది మెట్టు మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది, అంతే. రాయి కదా, దానికి తన కంటే జ్ఞాపకశక్తి ఎక్కువేం ఉంటుంది.

హాల్లోకి మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు. కాళ్ళు వాటంతటవే మేడ మీదికి నడిచాయి. ఇంట్లో తనని గుర్తొచ్చిందా అని అడగని మనిషి ఒక్క నాయనమ్మే.

నాయనమ్మ అంటే సామాన్యురాలు కాదు. తాతయ్యతో కలిసి ఒక రేకుల షెడ్డులో రెండు డబ్బాలతో రంగు కలపడం మొదలుపెట్టి, ఇంత ఫ్యాక్టరీని నిలబెట్టిన మనిషి. ఇప్పటికీ కుర్చీ ఆవిడదే. ఏ రంగు బజారుకి వెళ్ళాలన్నా ఆవిడ ఊ అనాలి. గది దాటి రావడం తగ్గింది గానీ, రోజూ పొద్దున్నే నాన్న గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావమ్మా" అంటాడు, ఆవిడ "బాగున్నాను, వెళ్ళిరా" అంటుంది. ఆ రెండు మాటలతోనే ఇంటినీ ఫ్యాక్టరీనీ ఏలేస్తోంది.

ఇంట్లో ఏటా రంగు మారని గది కూడా అదొక్కటే. ఫ్యాక్టరీ మొట్టమొదట చేసిన లేత పసుపు. ఇప్పుడు ఆ రంగు ఎక్కడా దొరకదు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని నాయనమ్మ ఎప్పుడో చెప్పేసింది.

"రా," అంది నాయనమ్మ కిటికీ పక్క కుర్చీలోంచి. తెల్లటి జుట్టు ముడి చెక్కు చెదరలేదు.

పొట్టి మంచం అంచున కూర్చుంది. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది. "నాయనమ్మా, బావ నన్ను తోస్తాడా?"

"ఎందుకు తోస్తాడు," అంది నాయనమ్మ వెంటనే.

పొట్టికి ప్రాణం లేచొచ్చింది.

"ఏ బావ?" అంది నాయనమ్మ, ఒక్క క్షణం ఆగి.

పొట్టి నవ్వబోయింది. నాయనమ్మ ఎకసెక్కాలు ఇంటిల్లిపాదికీ అలవాటే. కానీ ఆవిడ నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తోంది. పొట్టి చూపు తప్పించుకోవడానికా అన్నట్టు నాయనమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయింది. వేళ్ళు తగిలి జారింది. గ్లాసు బల్ల మీద దొర్లి, నీళ్ళన్నీ గోడ మీద చిందాయి.

"ఉండు, నేను తుడుస్తా." పొట్టి మంచం మీది తెల్ల తువ్వాలు తీసి గోడ ఒత్తింది. రెండుసార్లు రుద్దింది.

తువ్వాలు పచ్చబడింది.

మరో ఇంటి పిల్లయితే దాన్ని బకెట్లో పడేసి కిందికి వెళ్ళేది. పొట్టి మాత్రం తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రంగు తాకి చూస్తే ఆరినట్టే ఉంటుంది, లోపల నెల్లాళ్ళ దాకా పచ్చిగానే ఉంటుంది, తడిగుడ్డతో రుద్దితే గోడ తన వయసు తనే చెప్తుంది. ఈ పాఠం చెప్పింది నాయనమ్మే, తనకి ఏడెనిమిదేళ్ళప్పుడు. తను పుట్టకముందు వేసిన రంగు ఇప్పుడు తువ్వాలుకి ఎలా అంటుకుంటుంది?

పక్క గోడ రుద్దింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తలుపు ఉన్న గోడ, అల్మారా ఉన్న గోడ, అవీ అంతే. కిటికీ ఉన్న గోడ ఒక్కటే పచ్చి. ఈ మూల నుంచి ఆ మూల దాకా, కింద నేల నుంచి చెయ్యి అందినంత మేరా, ఎక్కడ రుద్దినా పసుపే.

మామూలు ఇంట్లో ఎవరైనా గోడ మీద ఏదైనా దాచాలనుకుంటే మచ్చ మీద ఇంత పూసి ఊరుకుంటారు. బీరువా ఒకటి అడ్డం జరిపితే ఇంకెవరికీ కనిపించదు. ఈ ఇంటి వాళ్ళకి అది చేతకాదు. మచ్చ మీద మచ్చ వేస్తే రెండూ కనిపిస్తాయనీ, వేస్తే మూల నుంచి మూలకి వెయ్యాలనీ ఉగ్గుపాలతో నేర్పుతారు. దొంగపని చేసినా పనితనం వదలరు. ఎక్కడా దొరకని ఆ పాత పసుపుని, ఎండకి వెలిసిన ఛాయతో సహా, ఎవరో కళ్ళతో చూసి అచ్చుగుద్దినట్టు కలిపారు. అది ఈ ఇంటి మనిషి పనే.

నాన్నేనా? నాన్న ఏం దాచాడు? బావని ఇరికించడానికి ఏదైనా చేశాడా? ఎవరిని అనుమానించాలో తెలియక గోడ అంచు పట్టుకుని కిటికీ దాకా వచ్చింది. కర్టెన్ కూడా కొత్తదే. అది పక్కకి జరిపింది.

కిటికీ చట్రానికి కుడి పక్కన, తెల్ల చెక్క మీదికి పసుపు రంగు సన్నగా పాకి ఉంది. పై నుంచి కింది దాకా, మూడు చోట్ల.

ఆ పాకుడు ఆమెకి బాగా తెలుసు. ఇంట్లో ఎడమచేతి వాటం తనొక్కదానిదే. చట్రానికి కుడి పక్క అంచు వెంట రంగు వెయ్యాల్సి వచ్చినప్పుడల్లా తన చెయ్యి తనకే అడ్డం వస్తుంది, బ్రష్ చెక్క మీదికి ఎక్కుతుంది. ఎన్నేళ్ళు తిట్టించుకున్నా ఆ ఒక్క చోట పోలేదు.

ఈ గోడ వేసింది తనే.

ఇంత సేపూ ఎవరో ఏదో దాచారని వెతికింది. ఆ ఎవరో తనే అయితే, ఇంక ఎవరిని అడగాలి?

"ఎడమచేత్తో వేస్తే అంతేనమ్మాయ్," అంది వెనక నుంచి నాయనమ్మ, మెచ్చుకోలుగానే. "మిగతాదంతా బాగానే వేశావు. కొత్తగా చేరావా పనిలో?"

పొట్టి నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"నాయనమ్మా, నేను ఎవర్ని?"

నాయనమ్మ ఆమె మొహం మీద కళ్ళు నిలిపింది. చాలాసేపు చూసింది. పెద్దరికం పోకుండా జవాబు చెప్పాలని ఆవిడ పడుతున్న అవస్థ పొట్టికి కనిపిస్తూనే ఉంది. చివరికి, "బాగున్నాను, వెళ్ళిరా," అంది నాయనమ్మ.

పొట్టికి ఏడుపొచ్చింది. ఈ సంగతి తనకి ముందే తెలిసి ఉండాలి. రోజూ ఈ గదిలోనే గడిపే పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? నాయనమ్మ మరిచిపోతోందన్న మాటే తను మరిచిపోయింది.

గోడ దగ్గరికి వెళ్ళి, నీళ్ళకి నానిన చోట గోరుతో గీకింది. పసుపు పొరలా లేచింది. కింద నల్లగా ఉంది. ఇంకొంచెం గీకింది. మసి.

కుర్చీ కిర్రుమంది. నాయనమ్మ లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చేతిలో అంత బలం ఉందని పొట్టి అనుకోలేదు.

"గీకకు. చెప్పనన్నారుగా. నువ్వూ, ఆ పొడుగబ్బాయీ. మా అబ్బాయికి తెలిస్తే నన్ను ఎక్కడికో పంపించేస్తాడు. కరెంటు పోయిందనుకుని కొవ్వొత్తి వెలిగించాను, అంతే కదా. చెప్పనన్నారుగా."

నాన్న ఆ మాట అనడం పొట్టికి గుర్తుంది. అది ఖాళీకి ముందు సంగతి. నాయనమ్మ స్నానాల గదిలో కుళాయి వదిలేస్తే నీళ్ళు హాలు కప్పులోంచి కారాయి. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే మా అమ్మని ముసలివాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఆశ్రమానికి పంపక తప్పదు అన్నాడు నాన్న. మనసులో లేనిది అనే మనిషి కాదు ఆయన.

"చెప్పను," అంది పొట్టి. "కూర్చో నాయనమ్మా. ఎవరికీ చెప్పను."

ఆ మాట తను రెండోసారి అంటోందని ఆమెకి తెలుసు. మొదటిసారి మాత్రం గుర్తు లేదు.

* * *

తలుపు తీసేసరికి బావ గుమ్మంలో ఉన్నాడు.

"వకీలు టీ అయిపోయింది. మామయ్య కేకలేస్తున్నాడు. అమ్మ నన్ను పంపింది." అతని చూపు ఆమె భుజం మీదుగా గోడ మీద పడింది. గీకిన చోట ఆగింది.

పొట్టి తలుపు దగ్గరగా వేసి వసారాలోకి వచ్చింది.

"ఆ రంగు కలిపింది నువ్వు," అంది.

బావ మెట్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"చెప్పు బావా. నాకు ఎలాగూ సగం తెలిసిపోయింది. కర్టెన్ అంటుకుంది, గోడ మసిబారింది. అమ్మా నాన్నా ఇంట్లో లేరు. నువ్వు ఫ్యాక్టరీ నుంచి రంగు కలిపి తెచ్చావు. నేను వేశాను. తర్వాత?"

"తర్వాత పడ్డావు."

"ఎక్కడ?"

"ఇక్కడే. నిచ్చెన మీద నుంచి." బావ గొంతు తగ్గించాడు. "పనంతా అయిపోయాకే పడ్డావు. గోడ వేశాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకోవాలని మనకి పాడు అలవాటు కదా. నిచ్చెన మీద ఉన్నానన్న సంగతి మర్చిపోయి వెనక్కి అడుగేశావు. మంచం కోడు తలకి తగిలింది."

పొట్టికి నవ్వొచ్చినంత పనైంది. ఇంత బతుకూ బతికి, గోడని మెచ్చుకుంటూ పడిందన్నమాట.

"మరి మెట్ల దగ్గరికి ఎలా వచ్చాను?"

"నువ్వే అన్నావు. నా కాలర్ పట్టుకుని, నాయనమ్మ గదిలో పడ్డానని ఎవరికీ చెప్పకు బావా, నా మీద ఒట్టు అన్నావు. ఆ తర్వాత స్పృహ తప్పింది. కిందికి మోసుకొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే మామయ్య వచ్చాడు. మీరంతా ఆసుపత్రిలో ఉన్నప్పుడు నిచ్చెనా డబ్బాలూ తీసి గది సర్దేశాను."

"పిచ్చివాడివా నువ్వు? నాకే గుర్తు లేని ఒట్టు పట్టుకుని జైలుకి పోతావా?"

"నీకు గుర్తు లేకపోతే ఒట్టు చెల్లిపోతుందా?"

"నేను చెప్పేస్తాను."

"చెప్తే అమ్మమ్మని రేపే పంపేస్తారు. ఆవిడకి ఈ గది తప్ప ఇంకేం మిగిలిందే? అద్దంలో మొహం గుర్తుపట్టదు, ఈ పసుపు మాత్రం గుర్తుపడుతుంది. మంట ఆరిపోయాక కూడా ఆవిడ ఏడ్చింది గోడ పాడైందని." బావ భుజాలు ఎగరేశాడు. "నేనంటావా, కుర్రాణ్ణి. ఎక్కడో అక్కడ బతుకుతా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావని కాపాడితే నాయనమ్మ పోతుంది. నాయనమ్మని కాపాడితే బావ పోతాడు. పొట్టి అతని మొహంలోకి చూసింది. ఇతను చెప్పేదంతా నిజమేనా? నాయనమ్మ మాటకి నిలకడ లేదు, తన బుర్రకి దిక్కు లేదు. బావకి తన మీద కేసు తప్పించుకోవాల్సిన అవసరం ఉంది. గోడ ఒక్కటే ఎవరి పక్షమూ కాదు. ఆ గోడ మీద ఉన్నది తన చెయ్యి.

అప్పుడు ఆమెకి మూడో దారి తట్టింది. ఎంత తేలికో అనిపించింది. ఇంతమంది ఆ ఖాళీలో ఏదేదో పోశారు కదా, తనూ ఒక గ్లాసు పోస్తే ఏం పోయింది?

"పద," అంది.

* * *

"బావ తొయ్యలేదు," అంది పొట్టి హాలు మధ్యలో నిలబడి. "నాకు గుర్తొచ్చింది."

అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది, ఎవరికో తెలియకుండా. నాన్న మాత్రం కదల్లేదు.

"గుర్తొచ్చిందా? ఇప్పటికిప్పుడు?"

"మెట్ల దగ్గర కూర్చున్నాను నాన్నా. అప్పుడు. ఆ రోజు పరుగెత్తుకుంటూ దిగుతున్నాను. ఫోన్ చూసుకుంటూ. కాలు మడత పడింది. బావ కింద ఉన్నాడు, పట్టుకోబోయాడు, అందలేదు."

"ఎన్నో మెట్టు మీదమ్మా?" అన్నాడు వకీలు, కళ్ళజోడు తుడుచుకుంటూనే.

"మలుపు దగ్గర."

"మరి అబ్బాయి ఈ మాట చెప్పడానికి ఏమైంది?"

"నేనే చెప్పొద్దన్నాను. ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగొద్దని నాన్న రోజూ తిడతారు కదండీ."

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆమెకే తెలియదు. మూల నుంచి మూలకి, ఎక్కడా మచ్చ లేకుండా వేసింది. వకీలు కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. అమ్మ లేచి వచ్చి ఆమెని గట్టిగా కావలించుకుంది.

"అన్నీ గుర్తొచ్చాయా తల్లీ? ఆ రోజంతా?"

"అన్నీ గుర్తొచ్చాయమ్మా," అంది పొట్టి, అమ్మ భుజం మీద తల పెట్టి. ఆ ఒక్క మాట ఎక్కువైంది.

నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. మూడు వారాల కోపం దిగిపోయిన మొహం. బావ వైపు చూసి ఏదో అనాలనుకుని అనలేక, అరచేత్తో మోకాలు రుద్దుకున్నాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం పొట్టి ఎన్నడూ వినలేదు.

"అయితే ఆ పొద్దున సంగతి కూడా గుర్తొచ్చే ఉంటుంది. మంచిదైంది. నేనైతే ఆ ఊసే ఎత్తలేదు. దెబ్బ తిన్న పిల్ల, మర్చిపోయినదాన్ని మళ్ళీ నెత్తిన పెట్టడం ఎందుకని ఊరుకున్నా. నీ మాట లేకుండా ఆ పని చెయ్యకూడదని వాళ్ళని ఆగమన్నా."

"ఏ పని తమ్ముడూ?" అంది అత్తయ్య.

"అమ్మ సంగతక్కా. నీకు తెలియదు. అమ్మకి మనుషులు గుర్తుండటం లేదు. నేనూ గమనించలేదు. రోజూ గుమ్మంలో నిలబడి పలకరించి పోయేవాణ్ణి నాకేం తెలుస్తుంది. ఇదే చెప్పింది. ఆ రోజు పొద్దున మేం బయల్దేరే ముందు కారు దగ్గరికి వచ్చి ఏడ్చింది. నాయనమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు నాన్నా, ఆవిడ దగ్గర ఉండాలంటే నాకు భయంగా ఉంది, ఎక్కడికైనా పంపించెయ్యండి అంది."

పొట్టి నాన్న నోటి వంకే చూస్తోంది. వెతికింది. కారు కనిపించింది. తెరిచిన కారు తలుపు. అది ఆ రోజుదా, ఇప్పుడు నాన్న చెబితే వచ్చిందా? తను అలా అంటుందా? అంటే, అదే రోజు మధ్యాహ్నం నిచ్చెన ఎక్కి మసి మీద రంగు వేసింది ఎవరు?

"ఇవాళే ఫోన్ చేస్తాను," అన్నాడు నాన్న. "రేపు ఆశ్రమం వాళ్ళు కారు పంపిస్తారు. నువ్వు అన్నావు కాబట్టే చేస్తున్నానమ్మా. గుర్తుంది కదా?"

లేదంటే, అన్నీ గుర్తొచ్చాయన్న మాట అబద్ధం. అది అబద్ధమైతే మెట్ల కథా అబద్ధమే, వకీలు సంచీ ఇంకా చేతిలోనే ఉంది. ఉందంటే, నాయనమ్మని తన నోటితో తనే పంపించినట్టు. కక్కలేక మింగలేక పొట్టి బావ వైపు చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఎవరి కోసం మూడు వారాలు నోరు మూసుకుని మాటలు పడ్డాడో ఆ మనిషి ఇదేనా అన్నట్టుంది ఆ చూపు. పొట్టికీ అదే అనుమానం.

"గుర్తుంది కదమ్మా?" అన్నాడు నాన్న మళ్ళీ.

పొట్టి పెదాలు కదిలాయి.

"దానికేమీ గుర్తు లేదు మామయ్యా," అన్నాడు బావ.

అందరూ అతని వైపు తిరిగారు. బావ కట్టుకున్న చేతులు విప్పాడు.

"కారు దగ్గర ఏమందో కూడా దానికి తెలియదు. ఆ మాట పట్టుకుని అమ్మమ్మని పంపకండి. నన్ను కాపాడాలని ఏదో కల్పించి చెప్తోంది, అంతే." ఒక్క క్షణం తల్లి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "తోసింది నేనే."

అత్తయ్య కూర్చున్న చోటే కూలబడిపోయింది. వకీలు సంచీ మళ్ళీ తెరిచాడు.